కోసినను మొలచు గడ్డ

బొల్లాపల్లి పొలములలో తుంగతో పోరాడని రైతు లేడు. మిరపచేనైనను, ప్రత్తిచేనైనను తొలకరివాన పడిన వారము దినములకే తుంగ తలయెత్తును. కూలీలను బెట్టి కోయింతురు, గుంటక తోలింతురు, నేడు మందు గూడ కొట్టింతురు. పైయాకు మాడిపోవును, చేను శుభ్రపడినట్లే కనబడును. కొలది దినములు గడచునప్పటికి అదే చోట, ఒక్కొక్కప్పుడు మునుపటికంటె దట్టముగ, తుంగ మరల లేచును. ఏలయన దాని ప్రాణము ఆకునందు లేదు. మట్టిలో దాగియున్న చిన్నగడ్డయందున్నది. నాటువైద్యులు తుంగముస్తలని వాడునవి యీ గడ్డలే.

ఈ సంగతి మా పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు. అయినను దానితో మొదలిడుటకు కారణము కలదు. మనుష్యుని మెదడులో పుట్టు గడ్డలలో మిక్కిలి క్రూరమైనది కోసినను, కిరణములతో కాల్చినను, మందులిచ్చినను మరల మొలచుట యేల యను ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఈ ముప్పది సంవత్సరములలో కనుగొన్న సమాధానము తుంగగడ్డ కథకు చాల దగ్గఱగ నున్నది. ఆ సమాధానమును తెలిసికొనుట పండితులకు మాత్రమే పనికివచ్చు విషయము కాదు. అది తెలియనందున పల్లెలలో రోగి కాలము పోవుచున్నది. కుటుంబపు భూమి పోవుచున్నది. కావున దీనిని గూర్చి కొంత విపులముగ వ్రాయ సంకల్పించితిమి.

మొదట ఒక హెచ్చరిక. మెదడులోని గడ్డలన్నియు నొకటి కావు. మెదడును గప్పియున్న పొరలనుండి పుట్టు మెనింజియోమా యనునది పలుమార్లు నెమ్మదిగ పెరుగును. శస్త్రచికిత్సతో సామాన్యముగ కుదురును. శిశువులకు వచ్చు మెడుల్లోబ్లాస్టోమా యనునది భయంకరమైనదేయైనను నేటి చికిత్సతో పెక్కుమంది శిశువులు బ్రదికి పెద్దవారగుచున్నారు. మేమిక్కడ ముఖ్యముగ చెప్పబోవునది గ్లయోబ్లాస్టోమా. నాడీకణములకు ఆధారముగనుండు గ్లియా జాతి కణముల గడ్డలలో ఇది యత్యంత తీవ్రమైనది. ప్రపంచ ఆరోగ్యసంస్థ వర్గీకరణములో కడపటిదగు నాలుగవ తరగతికి చెందినది. ఇది అరుదైన రోగమే. అమెరికాలోని లెక్కల ప్రకారము ఏటా లక్షమందిలో సుమారు ముగ్గురికి వచ్చుచున్నది. అయినను వచ్చిన యింట అరుదన్న మాట ఓదార్పు కాదు.

ఈ గడ్డ మొండితనము క్రొత్తగ తెలిసినది కాదు. 1926లో అమెరికాలో పెర్సివల్ బెయిలీ, హార్వే కుషింగు అను వైద్యులు మెదడు గడ్డలను తరగతులుగ విభజించిన గ్రంథమును ప్రకటించిరి. రెండేండ్ల పిదప, 1928లో, బాల్టిమోరు నగరమందలి వాల్టరు డాండీ యను శస్త్రవైద్యుడు అంతకుముందెవ్వరును తలపెట్టని సాహసమొనర్చెను. ఇట్టి గడ్డలవలన ఎడమభాగము చచ్చుబడియున్న రోగులకు మెదడు కుడియర్ధమును మొత్తముగ తీసివేసెను. సగము మెదడు పోయినను రోగము మాత్రము వదలలేదు. కంటికి కనబడు గడ్డ వేరు, రోగము వేరు అని ఆనాడే స్పష్టమయ్యెను. గడ్డ అంచు దాటి కణములు ఆరోగ్యముగ కనబడు మెదడులోనికి నూలుపోగులవలె ప్రాకియుండును. కత్తి వానినన్నిటిని వెదకి పట్టలేదు. మాట, చూపు, నడక యున్న తావులను కోయనురాదు.

కత్తి చేయలేని పనిని రసాయనము చేయగలదాయని అడిగినవారిలో ఆంధ్రు డొకడు ముందునిలిచెను. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారిని తెలుగువారెరుగుదురు. ఆయన నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినాప్టెరిన్ అను ఔషధమును బోస్టను నగరములో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో మరణమున కెదురుచూచుచున్న శిశువులకు ఇచ్చెను. 1948 జూనులో ఆయన ప్రకటించిన వ్యాసములో 16 మంది శిశువులలో 10 మందికి గుణము కనబడినదని చెప్పెను. ఆ వ్యాసపు పేరులోనే ‘తాత్కాలికమగు ఉపశమనము’ అను మాటలున్నవి. క్యాన్సరు కణములు రక్తములో కనబడకుండ పోయి, శిశువులు లేచి యాడుకొని, కొలది మాసములలో మరల రోగమున పడిరి. ఆ యేడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి. మందుతో క్యాన్సరును కరగింపవచ్చునను ఆశ ఆయన కృషివలన లోకమునకు కలిగెను; కరగినది మరల ఏల వచ్చుచున్నదను ప్రశ్నయు అప్పుడే మిగిలెను.

ఆ ప్రశ్నకు గట్టి జవాబు దొరకుటకు 46 ఏండ్లు పట్టెను. 1994లో కెనడాలోని టొరంటో నగరమున జాన్ డిక్, ఆయన సహచరులు మరియొక రకపు రక్తపు క్యాన్సరును పరీక్షించి, అందలి కణములన్నియు సమానములు కావని చూపిరి. వానిలో అత్యల్పసంఖ్యగల ఒక జాతి కణములు మాత్రమే చిట్టెలుకలో ఆ రోగమును క్రొత్తగ పుట్టింపగలవు. తక్కినవి ఎన్ని లక్షలున్నను పుట్టింపజాలవు. ఈ కొలది కణములకే క్యాన్సరు మూలకణములని పేరు.

మూలకణమన నేమి? మన శరీరములో చర్మము, రక్తము మొదలగునవి దినదినము అరుగుచు, దినదినము నిండుచున్నవి. ఆ నింపు పని చేయునది మూలకణము. అది రెండుగ చీలినప్పుడు ఒకటి తనవలెనే మూలకణముగ నిలుచును. రెండవది ఎదిగి, పనిచేసి, కాలము తీరి నశించును. విత్తనపు వడ్లను గాదెలో దాచి తక్కినవి తిను గృహస్థుని పద్ధతి యిది. క్యాన్సరులో ఈ ధర్మమే వక్రించును. దాచుకొను శక్తి యుండును, హద్దు మాత్రముండదు.

అదే టొరంటో నగరములో శిశువుల ఆసుపత్రియందు పనిచేయుచుండిన పీటర్ డర్క్సు, షీలా సింగు అను వైద్యశాస్త్రజ్ఞులు ఈ విచారణను మెదడుగడ్డలకు మరల్చిరి. శస్త్రచికిత్సలో తీసిన గడ్డల కణములను, సి.డి. 133 అను గుర్తు పైపొరపై నున్నవిగను లేనివిగను వేఱుచేసి చిట్టెలుకల మెదడులలో నుంచిరి. 2004లో వెలువడిన ఫలితము ఆశ్చర్యకరము. గుర్తుగల కణములు 100 మాత్రమే చాలెను. అవి రోగి గడ్డను బోలిన గడ్డను పుట్టించెను. గుర్తులేని కణములు లక్ష యుంచినను గడ్డ పుట్టలేదు. మెదడుగడ్డలోను ఆకు వేఱు, అడుగునున్న గడ్డ వేఱు అని దీనివలన తేలెను.

ఈ మూలకణములు చికిత్సకు లొంగకుండుట కేమి కారణము? ఒకటి, అవి దెబ్బను మాన్చుకొనును. కిరణచికిత్స కణములోని వంశసూత్రములను తెంచి చంపును. అమెరికాలో జెరెమీ రిచ్ బృందమువారు 2006లో ప్రకటించిన పరిశోధనములో, తెగిన సూత్రములను అతుకుకొనుటలో ఈ కణములు తక్కినవానికంటె మిన్నయనియు, అందుచే కిరణముల పిమ్మట గడ్డలో వాని పాలు పెరుగుననియు తెలిసెను. రెండు, అవి నిద్రించును. మందులు పెక్కు చీలుచున్న కణమునే కొట్టును. చీలక నిదానించియున్న కణమును తాకవు. 2012లో డల్లాసు నగరమున లూయీ పరాడా బృందమువారు చిట్టెలుకలలో దీనిని కనులకు గట్టినట్లు చూపిరి: మందు వేసిన పిమ్మట గడ్డ మరల పెరిగినది నిదానించిన ఆ కొలది కణములనుండియే, వానిని నిర్మూలించినప్పుడు పెరుగుదల యాగెను. మూడు, అవి తావు చూచి దాగును. సన్నని రక్తనాళముల చెంతను, ప్రాణవాయువు తక్కువగనున్న మూలలను వానికి నెలవులు కలవు. దీనికితోడు, రక్తములోని విషములు మెదడును చేరకుండ ప్రకృతి కట్టిన గట్టు మందులను గూడ పెక్కింటిని వెలుపలనే నిలిపివేయును.

ఇంతవరకు తుంగ యుపమానము నడచినది. అది నడువని చోట్లను గూడ చెప్పుట మా విధి. ఉపమానము మితిమీరినచో అపాయము. మొదటిది: తుంగను దున్నినచో గడ్డల గొలుసు తెగి, తెగిన ప్రతిగడ్డయు మొలచి చేనంతయు నిండును. దీనినిబట్టి ‘కత్తి తగిలినచో క్యాన్సరు ప్రాకును’ అని పల్లెలలో చెప్పుకొను మాట నిజమని యెవ్వరును తలంపరాదు. మెదడుగడ్డ విషయమున అనుభవము దీనికి విరుద్ధము. మాటకు, అవయవములకు హాని లేకుండ ఎంత యెక్కువ తీయగలిగిన అంత యెక్కువకాలము రోగి బ్రదుకుచున్నాడు. కత్తికి భయపడి ఆలస్యము చేయుట వలననే నష్టము. రెండవది: తుంగలో ఆకు ఎన్నడును గడ్డగ మారదు, ఈ రోగములో మారును. సి.డి. 133 గుర్తులేని కణములు గూడ కొన్నియెడల గడ్డను పుట్టించుట తరువాతి పరిశోధనలలో కనబడెను. 2019లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధనములో గ్లయోబ్లాస్టోమా కణములు ముఖ్యముగ నాలుగు రూపములలో నుండుననియు, ఒక రూపమునుండి మరియొకదానికి మారగలవనియు నిరూపితమయ్యెను. కావున మూలకణత్వమనునది ఒక జాతికి పుట్టుకతో వచ్చిన హక్కు మాత్రమే కాదు. అవసరమును బట్టి తక్కిన కణములును ధరించు వేషము గూడ. విత్తనమును ఏరివేసిన చాలదు. గడ్డి విత్తనముగ మారు దారిని గూడ మూయవలయును. ఈ రోగమింత దుస్సాధ్యమగుటకు ఇదియే ముఖ్యకారణమని మేము గ్రహించుచున్నాము.

ఇక చికిత్స యేమి, ఫలమేమి? నేటి పద్ధతి 2005లో రోజర్ స్టుప్, ఆయన సహచరులు 573 మంది రోగులపై జరిపిన పరీక్షతో స్థిరపడెను. వీలైనంత గడ్డను తీయుట. పిదప ఆరువారములు, వారమునకు ఐదుదినముల చొప్పున, ముప్పదిసార్లు కిరణచికిత్స. దానితోపాటు టెమొజొలొమైడ్ అను మాత్ర. ఆపైన ఆరు విడతలు, ప్రతి 28 దినములలో ఐదుదినములు, అదే మాత్ర. కిరణములు మాత్రమే పొందినవారిలో సగముమంది 12.1 మాసములకు మించి బ్రదుకగా, మాత్రను గూడ పొందినవారిలో సగముమంది 14.6 మాసములకు మించి బ్రదికిరి. రెండున్నర మాసములేనాయని తీసివేయరాదు. రెండేండ్లు దాటి జీవించినవారు మొదటి పక్షమున నూటికి 10 మంది కాగా రెండవ పక్షమున 26 మంది. గడ్డలోని ఎం.జి.ఎం.టి. అను జన్యువు మూతపడియున్నవారికి ఈ మాత్ర మఱింత మేలు చేయునని గూడ ఆ యేడే తెలిసెను. గడ్డ ముక్కను సరియైన ప్రయోగశాలలో పరీక్షించుట యేల ముఖ్యమో దీనివలన స్పష్టము.

మూలకణములనే కొట్టు చికిత్స యింకను చేతికి రాలేదు. 2006లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞులు బి.ఎం.పి. 4 అను ప్రోటీనుతో ఈ కణములను ఎదిగి నశించు సామాన్యకణములుగ మార్చవచ్చునని చిట్టెలుకలలో చూపిరి. రక్తనాళముల నెలవును చెరుపు బెవాసిజుమాబు మందుపై ఎంతో యాశ పెట్టుకొనగా, 2014లో వెలువడిన రెండు పెద్దపరీక్షలలో అది క్రొత్తరోగుల ఆయువును పెంచలేదు. 2024లో అదే బోస్టను నగరమున, రోగి రక్తములోని రక్షకకణములనే మలచి మెదడులోనికి పంపిన వైద్యము ముగ్గురు రోగులలో గడ్డను కొలదిదినములలో ఆశ్చర్యముగ కరగించెను. ఇద్దరిలో ఆ మేలు నిలువలేదు. 1948లో ఫార్బరు వ్రాసిన ‘తాత్కాలికము’ అను మాట 76 ఏండ్ల పిదప అదే యూర మరల వినబడినది. అయినను నిరాశకు తావు లేదు. ఫార్బరునాటి శిశువులకు వచ్చిన ఆ రక్తపు క్యాన్సరే నేడు మంచి వైద్యశాలలలో పదింట తొమ్మిదిమందికి కుదురుచున్నది. అమినాప్టెరినుకు తోబుట్టువైన మెథోట్రెక్సేటు ఆ చికిత్సలో నేటికిని భాగమే. ఒక్క మందు ఓడినచోట పలుమందులు కలిసి, మిగిలిన విత్తనమును వెదకివెదకి గెలిచినవి. ఆ త్రోవ మెదడుగడ్డకు ఇంకను దీర్ఘము, మూసియుండలేదు.

ఈ శాస్త్రమంతయు బొల్లాపల్లి రైతునకు ఏమి చెప్పుచున్నది? నాలుగు సంగతులు చెప్పుచున్నదని మా యభిప్రాయము.

మొదటిది, ఆలస్యము కూడదు. అంతకుముందెన్నడును లేని మూర్ఛ పెద్దవయసున వచ్చుట, తెల్లవారుజామున మిక్కుటమగు తలనొప్పితో వాంతి యగుట, ఒక చేయి కాలు క్రమముగ బలహీనపడుట, మాట తడబడుట, నెమ్మదస్థుడు కారణములేక కోపిష్ఠి యగుట – ఇవి కనబడినప్పుడు గాలి సోకినదని మంత్రగానికడకు పోవుట కాలహరణము. తలనొప్పులలో అత్యధికభాగము గడ్డవలన వచ్చునవి కావు; అనవసరముగ జడియరాదు. కాని పై లక్షణములున్నచో మ్రొక్కు మ్రొక్కుకొన్నను మ్రొక్కుకొనుడు, మెదడు చిత్రము తీయించుట మాత్రము వాయిదావేయకుడు.

రెండవది, రోగము తిరిగివచ్చినప్పుడు నింద వేయుటకు తొందరపడరాదు. వైద్యుడు గడ్డను సరిగ తీయలేదనియో, ఇంటివారు పథ్యము తప్పించిరనియో, ఇల్లాలి దురదృష్టమనియో కుటుంబములు చీలుట మనమెరుగుదుము. తిరిగివచ్చుట ఈ రోగపు స్వభావము. కంటికి కనబడని కణము చేసిన పనికి మనుష్యులు ఒకరినొకరు దూషించుకొనుట దుఃఖముపై దుఃఖము.

మూడవది, పేరు చూచి మోసపోరాదు. ‘మూలకణచికిత్స’ యను పేర సర్వరోగములను కుదుర్తుమని ప్రకటించువారు దేశమున లేకపోలేదు. క్యాన్సరు మూలకణమనునది చంపవలసిన శత్రువు; వారు అమ్మజూపునది శరీరములో ఎక్కించు వేఱు మూలకణములు. రెంటికిని పేరులోనే పోలిక. భారత వైద్యపరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమముల ప్రకారము రక్తసంబంధమగు రోగములకు చేయు మూలకణ మార్పిడి తప్ప తక్కినవేవియు ఆమోదింపబడిన చికిత్సలు కావు. అనుమతి పొందిన పరీక్షలలో మాత్రమే, రోగివద్ద రుసుము గొనకుండ, జరుగవలసినవి. ఎకరము అమ్మి యీ వైద్యమును కొనుటకు ముందు ఈ ప్రశ్న వేయవలయును: ‘ఇది ఆమోదింపబడిన చికిత్సయా? కాదేని, పరీక్షయైనచో మావద్ద సొమ్మేల?’ ఈ ఒక్క ప్రశ్న ఎన్ని చేలను నిలుపునో!

నాలుగవది ప్రజలందఱి బాధ్యత. బొల్లాపల్లినుండి రోగి వినుకొండకు, నరసరావుపేటకు, గుంటూరునకు పోవలయును. శస్త్రచికిత్సకు ప్రభుత్వపథకము తోడ్పడవచ్చును. కాని ముప్పదిసార్ల కిరణచికిత్సకై ఆరువారములు పట్టణమున బసచేయు కూలివానికి తలదాచుకొను చోటేది? చికిత్స సగములో మానుకొనుటకు మందులేమి ఒక్కటే కారణము కాదు, బసలేమియు కారణమే. మన పూర్వులు బాటసారులకొఱకు సత్రములు కట్టించిరి, చలివేంద్రములు పెట్టించిరి. నేడు బాటసారి కంటె దీనుడు ఆసుపత్రి వరండాలో పండుకొను రోగిబంధువు. భూస్వాములును, వర్తకులును పూనుకొని గుంటూరున క్యాన్సరు రోగులకొఱకు ఒక సత్రము నిలిపిన, అది దేవాలయప్రతిష్ఠకు తక్కువ పుణ్యము కాదు. ప్రభుత్వమువారును గడ్డ ముక్కల జన్యుపరీక్షలు పేదలకు అందుబాటులోనికి తేవలయును. రోగి సమ్మతితో ఆ ముక్కలను భద్రపఱచి పరిశోధకుల కీయవలయును. బెంగుళూరులోని జాతీయ మానసికారోగ్య నాడీశాస్త్ర సంస్థయందును, భారతీయ విజ్ఞానసంస్థయందును ఈ గడ్డలపై ఏండ్లతరబడి పరిశోధన జరుగుచున్నది. పల్నాటి రోగి గడ్డయు ఆ విచారణలో చేరవలయును.

తుంగను జయించిన రైతు ఒక్కరోజులో జయింపలేదు. ఎండాకాలమున లోతుదుక్కి దున్ని, గడ్డలను వెలికితెచ్చి యెండబెట్టి, ఏటేట వెంటబడి చేనిని దక్కించుకొనెను. మెదడులోని యీ గడ్డ విషయమున శాస్త్రజ్ఞులు అట్టి దుక్కియందే యున్నారు. పంట యెప్పుడో మేము చెప్పజాలము. అంతవరకు రోగిని సకాలమున వైద్యునికడకు చేర్చుట, మొదలిడిన చికిత్సను తుదివఱకు సాగించుట, వంచకుల చేతిలో భూమి పోకుండ కాచుట మన చేతిలోని పనులు. ఇవి చేయుటకు రేపటి మందుకొఱకు వేచియుండనక్కఱలేదు.